ప్రశ్నకు పీట

మా మరిది బెంగుళూరులో కంప్యూటర్ల ఉద్యోగము చేయుచున్నాడు. "అది ఏమి పనిరా?" అని అత్తగారడిగినప్పుడెల్ల "యంత్రములు ఆగకుండ చూచుకొను పనియమ్మా" అని ఒక్క మాటతో తప్పించుకొనుట అతని అలవాటు. ఈ సంక్రాంతికి చీపురుపల్లి వచ్చినప్పుడు మాత్రము ఆ మాట చాలకపోయెను. భోగినాటి సాయంకాలము మొదలు కనుమనాటి మధ్యాహ్నమువరకు అతడు వీధి యరుగుమీద కూర్చుండి, ఒక కాగితము ముందు పెట్టుకొని వ్రాయుట, కొట్టివేయుట, మరల వ్రాయుట చూచితిమి. గారెలు చల్లారిపోవుచున్నవని పిలువబోయి, ఆ కాగిత మేమని మేమే అడిగితిమి.

అతడు చెప్పిన దిది. ఈ యేడు వానకాలములో ఇంజనీర్ల సభ యొకటి జరుగనున్నది. అందులో ఒక పూట, అనగా ఉదయము 9-30 మొదలు 1-00 వరకు, కెర్నెల్ లైవ్ పాచింగ్ అను విషయమునకు విడిచి, ఆ పూటను నడుపు భారము ఇతనిపై పెట్టినారు. ఎవరు మాటాడవలెనో, ఎవరి కెంత సమయమో నిర్ణయించి మాఘమాసములోగా పంపవలెను. కాగితముపై ఎనిమిది పేర్లున్నవి. ఒక్కొక్క పేరున కెదురుగ 25 నిమిషములని వ్రాసియున్నది. నడుమ టీకి 10 నిమిషములు. అడుగున చిన్న యక్షరములతో "సమయము మిగిలినచో ప్రశ్నలు" అని యున్నది.

మేము గణితమున పండితులము కాము గాని, పాలపద్దు చూచుకొను ఇల్లాండ్రకు ఆ మాత్రపు లెక్క రాకపోదు. ఎనిమిది ఇరువదియైదులు 200. టీకి 10. వెరసి 210. తొమ్మిదిన్నర మొదలు ఒంటిగంటవరకు ఉన్నవే 210 నిమిషములు.

"ఇందులో మిగులున దేది బాబూ?" అంటిమి.

"ఏమియు మిగులదు వదినా. అందుకే 'మిగిలినచో' అన్నాను" అని నవ్వెను.

మాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో ముందు చెప్పెదము. ఆ పూట దేనినిగూర్చియో తెలియక దాని సమయమునుగూర్చి మాటాడుట పెత్తనమగునని తోచి, మొదట ఆ విషయము మాకు తెలియజెప్పుమని పట్టుబట్టితిమి. మా వారును బడికి సెలవు గనుక వచ్చి కూర్చుండిరి. అతడు చెప్పినది మాకు తెలిసినంత, మన యిండ్ల మాటలలో చెప్పుచున్నాము.

కెర్నెల్ అను ఇంగ్లీషు మాటకు గింజలోని పప్పు అని అర్థము. కంప్యూటరులో మనకు కనబడు అక్షరములు, బొమ్మలు పైపెంకు. లోపల కూర్చుండి ఏ పనికి ఎంత చోటీయవలెనో, ఏది ముందు జరుగవలెనో, తీగెవెంట వచ్చిన వార్తను ఎవరికి చేర్పవలెనో నిర్ణయించునది ఈ పప్పు. 1991లో ఫిన్లండు దేశములో లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి వ్రాయ మొదలిడిన లినక్స్ అను కెర్నెల్ నేడు ప్రపంచమందలి పెద్ద యంత్రములలో చాలవాటియందును, మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులయందును ఉన్నది. వేలకొలది జనులు వ్రాసినది గనుక తప్పులు దొరలుచుండును. తప్పు కనబడగనే దిద్దిన భాగమును పంపుదురు. దానిని పాచ్ అందురు. మన భాషలో మాసిక.

చీరెకు మాసిక వేయవలెనన్న దానిని విడిచి వేరొకటి కట్టుకొనవలెను. కెర్నెలునకును అంతే. యంత్రము నాపి మరల లేపినగాని మాసిక పట్టదు. కాని బ్యాంకువారి యంత్రమును, ఆసుపత్రి యంత్రమును, రైలు టిక్కెట్ల యంత్రమును పట్టపగలు ఆపుట ఎట్లు? అందుచేత యజమానులు రేపనియు, ఎల్లుండియనియు, ఆదివారమనియు వాయిదా వేయుదురు. తప్పు సంగతి అప్పటికే లోకమునకు వెల్లడియైయుండును గనుక ఆ వాయిదాలోనే దొంగ దూరును. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థి జెఫ్ ఆర్నాల్డ్ చూచుకొను యంత్రమున కిట్లే జరిగెనట. వాడుకొనువారికి ఇబ్బంది కలుగనేల, వారాంతమున ఆపెదమని అతడూరకుండగా, ఈలోపల ఎవరో చొరబడిరి. యంత్రము నాపకయే మాసిక వేయు ఉపాయము నతడు వెదకుటకు అదియే కారణము. 2008లో కెస్‌ప్లైస్ అను పేర అది వెలువడెను. 2011లో ఒరాకిల్ అను సంస్థ దానిని కొనెను.

"ఒంటిమీద నుండగా బట్ట కుట్టరాదురా" అని లోపలినుండి అత్తగారు. ఆమెకు మా మాటలు వినబడుచున్నవని అంతవరకు మాకు తెలియదు.

"కుట్టకూడదనే వాళ్లూ అన్నారమ్మా. కాని విడిచేందుకు వీలు లేదు గదా" అని అతడు.

ఇక ఉపాయ మిది. కెర్నెలులోని పని యంతయు చిన్న చిన్న విధులుగా విభజింపబడి యుండును. ప్రతి విధికిని గుమ్మమువద్ద కొద్దిపాటి ఖాళీ ముందే విడిచియుంతురు. తప్పైన విధిని చెరిపివేయరు. దిద్దినదానిని వేరొకచోట దింపి, పాతదాని గుమ్మమున "ఇటు పొండు" అని పలక కట్టుదురు. పాతయింటికి వచ్చినవారందరును క్రొత్తయింటికి పోవుదురు. అంతయు క్షణములో అయిపోవును. దీని నతడు చెప్పుచుండగనే స్టేషనువైపునుండి బండి కూత వినవచ్చెను. మా వారు, "మన హౌరా-చెన్నై లైనుమీద పట్టాలు బాగుచేయువారు చేయునదియు నిదియే గదా. లైను మూయరు. రెండు బండ్ల నడుమ సందు చూచుకొని పని కానిత్తురు" అనిరి. మరిది చాల సంతోషించి, ఆ మాటను ఎర్రసిరాతో కాగితపు టంచున వ్రాసికొనెను.

కాని చిక్కంతయు ఆ సందులోనే యున్నదట. మాసిక వేయునప్పటికి కొన్ని పనులు పాతవిధి లోపల సగములో నుండును. దీనిని మేము వంటింటి మాటలోనికి మార్చి అడిగితిమి. "మన యింట సోలతో బియ్యము కొలుతుము. సోలకు బదులు గ్లాసు పెట్టినారనుకొనుము. బియ్యము సోలతో పోసి ఎసరు గ్లాసుతో పోసిన అన్నము పలుకు గాక యేమగును? నీవు చెప్పునది ఇదియేనా?" అంటిమి. అదియే నట. పాతకొలతతో మొదలుపెట్టిన వంట పాతకొలతతోనే దిగవలెను. క్రొత్తది క్రొత్తదానితోనే మొదలు కావలెను. ఈ నియమమును తప్పకుండ నడిపించుటయే ఈ విద్యలోని అసలు కష్టము.

దీనికి రెండు కూటములవారు రెండు దారులు కనిపెట్టిరి. రెడ్ హాట్ సంస్థవారి కేపాచ్ పద్ధతిలో యంత్రమునందలి పనుల నన్నిటిని ఒక్క రెప్పపాటు నిలిపి, పాతకొలతతో వండుచున్న వారెవరైన నున్నారా యని చూచుదురు. లేనిచో అందరికిని ఒక్కసారి గ్లాసు లిత్తురు. ఉన్నచో విడిచి, మరికొంత సేపటికి మరల చూచుదురు. సూసె అను జర్మనుదేశపు సంస్థవారి కేగ్రాఫ్ట్ పద్ధతిలో ఎవరిని నిలుపరు. వంటింటి గడప దాటినవారి చేతిలో దాటినప్పుడే గ్లాసు పెట్టి, ఒక్కొక్కరినిగా మార్చుకొని వత్తురు. రెండును 2014 తొలి నెలలలోనే బయటికి వచ్చినవి. రెంటిని కెర్నెలులో చేర్చుకొన్నచో ఒక కాపురమున రెండు వంటశాలలు పెట్టినట్లగును. ఒకదానిని చేర్చుకొని రెండవదానిని త్రోసివేసినచో సగము మంది శ్రమ వ్యర్థము.

ఆ సంవత్సరము అక్టోబరులో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరమున లినక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్ జరిగెను. ప్లంబర్లనగా మన కొళాయి బాగుచేయువారే. ఇంటికి నీరు వచ్చినంతకాలము గోడలోని గొట్టమును ఎవరు తలచెదరు? తాముకూడ అట్టి గొట్టముల పనివారమేయని వారు సరదాగా పెట్టుకొన్న పేరిది. 2008లో అమెరికాలోని పోర్ట్‌లండులో మొదలైన ఈ సభకు ఒక యాచార మున్నది. చేసినది చెప్పుకొని చప్పట్లు కొట్టించుకొనుటకు గాక, తెగని చిక్కును నలుగురి నడుమ పెట్టి మాటాడుకొనుటకే పూటలు విడిచియుంతురు. డ్యూసెల్‌డార్ఫులో రెండు కూటములవారును ఒక్క గదిలో కూర్చుండిరి. అటుపిమ్మట ఇరువురికిని పనికివచ్చు పునాదిభాగమును ముందు కట్టుదమని నిశ్చయమై, నవంబరులో రెడ్ హాట్ ఉద్యోగి సేథ్ జెన్నింగ్స్ దానిని వ్రాసి అందరికి పంపెను. 2015 ఏప్రిలులో వెలువడిన లినక్స్ 4.0లో అది చేరెను. ఒక్కొక్కరినిగా మార్చు సూసెవారి నేర్పును, పాతకొలతతో నున్నవారిని పరీక్షించి చూచు రెడ్ హాట్‌వారి నేర్పును కలిసి ఒక్కటియైనది 2017 జూలైలో వెలువడిన 4.12లో.

ఇంతవరకు చెప్పి మరిది గారె తుంచెను. మేము అతని కాగితమును మరల చేత పట్టుకొంటిమి.

"బాబూ, ఆ డ్యూసెల్‌డార్ఫు గదిలో నీ కాగితము గోడకు అంటించియుండిరనుకొనుము. వీరు 25 నిమిషములు తమ పద్ధతి చెప్పిరి. వారు 25 నిమిషములు తమది చెప్పిరి. ఒంటిగంట కొట్టినది. అందరును భోజనమునకు లేచిరి. అప్పుడు కెర్నెలున కేమైయుండెడిది?"

అతడు గారెను విస్తరిలో పెట్టివేసెను. ఏమియు ననలేదు.

మాకు నవ్వు రాకపోవుటకు కారణ మిప్పుడు చెప్పవలెను. ఇది మా తప్పు. ఒకరిమీద పెట్టున ది కాదు.

నిరుడు ఆశ్వయుజములో ఇరుగుపొరుగు స్త్రీలకొరకు రక్తహీనతనుగూర్చి ఒక వైద్యురాలిచేత ఉపన్యాసమిప్పించితిమి. ఏర్పాటంతయు మాదే. గంటన్నర కాలము. ప్రార్థనాగీతము, స్వాగతము, వైద్యురాలి పరిచయము. పరిచయము మేము చేసితిమి. చిన్ననాడు మా నాయనగారు దగ్గర కూర్చుండబెట్టుకొని భారతము, అమరము చెప్పిన ఫలితము ఇట్టిచోట్ల బయటపడును. అశ్వినీదేవతలతో మొదలుపెట్టి, చరకునిమీదుగా 15 నిమిషములకు గాని ఆమె పేరువద్దకు రాలేకపోతిమి. ఆమె గంటసేపు చక్కగా మాటాడిరి. పిమ్మట శాలువ, వందన సమర్పణము. అప్పుడు వెనుక స్తంభముదగ్గర కూర్చున్న యొక స్త్రీ చేయి యెత్తినది. మేము చూచితిమి. మరల నెత్తినది. అదియు చూచితిమి. వైద్యురాలికి బండివేళ యగుచున్నది. "ఇంకొకసారి అడుగుదువుగాని తల్లీ" అని చేయి ఊపి పంపివేసితిమి.

ఆమె మాకు తెలియనిది కాదు. మా వీధిలో కూరగాయలు తెచ్చి యమ్మును. కూతురు తొమ్మిదవ తరగతి. ఆ పిల్లకు రక్తము తక్కువగ నున్నదని ఆసుపత్రిలో ఇనుపధాతువు మాత్ర లిచ్చియుండిరి. ఉపన్యాసమైన ఆరువారములకు ఆ పిల్ల బడిలో ప్రార్థనవేళ నిలువున పడిపోయినది. రక్తము పరీక్షింపగా 12 గ్రాములుండవలసినచోట 6 ఉన్నది. విజయనగరము తీసికొనిపోయి రక్తము ఎక్కింపవలసి వచ్చెను. చూడబోయినప్పుడు ఆ తల్లి మాతో అన్నమాట మరపునకు రాదు.

"ఆ మాత్రలు ఏస్తే పిల్లకి దొడ్డికి నల్లగా అవుతుండీదమ్మా. లోపల రగతం పోతున్నాదేమోనని బెంగెట్టుకొని మానిపించీసినాను. ఆ దినం డాట్రమ్మని అదే అడుగుదామనుకున్నాను."

ఇనుప మాత్రలు వేసికొన్నవారికి మలము నల్లబడుట సహజము. అందువలన భయము లేదు. టీతోగాని పాలతోగాని వేసికొనక, భోజనమున నిమ్మకాయ పిండుకొన్నచో మాత్ర మరింత బాగుగ ఒంటబట్టును. వైద్యురాలికి ఈ మాట చెప్పుటకు అరనిమిషము పట్టియుండును. మేము అశ్వినీదేవతల కిచ్చిన కాలములో ముప్పదిమంది అట్టి ప్రశ్నలు వేసి జవాబులు పొందియుందురు. పిల్ల ఇప్పుడు కులాసాగా నున్నది, బడికి పోవుచున్నది. తల్లి మమ్మొక్క నాడును నిందింపలేదు. నిందించియుండిన బాగుండునని మాకే తోచును.

ఈ సంగతి మరిదికి అంతకుముందు తెలియదు. విని చాలసేపు ఊరకుండి, "కాని వదినా, మా సభలోని వారు ఆ తల్లివంటి వారు కారు. అందరూ చదువుకున్నవాళ్లు. అడగవలసినది అడుగుతారు" అనెను.

మా వారు నవ్విరి. "నేను పదునాలుగేండ్లుగా పాఠము చివర 'అర్థమయినదా?' అని అడుగుచున్నాను. గంట కొట్టుటకు ఒక్క నిమిషము ముందు అడిగినచో తరగతి యంతయు ఒక్క గొంతుతో 'అయిందండీ' అనును. పది నిమిషములు ముందు అడిగి, బల్లమీద కూర్చుండి ఊరకున్నచో నాలుగవ నిమిషమున ఒకడు లేచును. చదువుకున్నవాడు మరీ తెలియనట్లు కనబడుటకు సిగ్గుపడును. వానికి ఇంకను ఎక్కువ సేపు కావలెను" అనిరి.

మాకు జ్ఞాపకము వచ్చినది వేరు. ద్రౌపది సభలో నడిగిన ప్రశ్న. ఆ సభలో భీష్మద్రోణులున్నారు, చదువులేనివారెవరును లేరు. విదురుడు జవాబు చెప్పుడని పెద్దలను హెచ్చరించెను. పిన్నవాడైన వికర్ణు డొక్కడు లేచి న్యాయము పలికెను. తక్కిన వారికి సమయము లేక కాదు, ఆ ప్రశ్నకు కూర్చుండుటకు పీట వేయవలెనని ఎవరికిని మనసు పుట్టలేదు. అటుపిమ్మటి కథ యంతయు దానినుండియే గదా నడిచినది. మరి మన యవధానములో చూడుడు. అష్టావధానమన్న ఎనిమిదిమంది పృచ్ఛకులు. సభయంతయు వారిదే. సమస్య యిచ్చువారొకరు, దత్తపది యొకరు, నిషేధాక్షరి యొకరు. చివరకు పనికిమాలిన మాటలతో అడ్డువచ్చు అప్రస్తుతప్రసంగికి సైతము ముందుగనే యొక యాసనము. అవధాని యెంత విద్వాంసుడైనను తనకు తోచినది చెప్పి లేచిపోవుటకు వీలు లేదు.

"అయితే మా పూటను అవధానముగా మార్చమంటారా?" అని మరిది.

మార్చవచ్చునేమో చూతమని దీపాలవేళవరకు కూర్చుంటిమి. ఎనిమిదింటిలో ఏవి చెప్పవలసినవి, ఏవి అడుగవలసినవి యని మొదట విడదీసితిమి. మూడు కేవలము చేసినపనిని చెప్పుకొనునవి. ఫలానిచోట మాసికలు వేసితిమి, బాగుగ పనిచేసినవి యను ధోరణి. అవి కాగితముమీద వ్రాసి పంపినచో ఎవరింట వారు చదువుకొందురు. దానికొరకు నూరుమంది విమానమెక్కి వచ్చి ఒక గదిలో కూర్చుండ నక్కరలేదు. మిగిలిన యైదును తెగనివి.

ఆ యైదింటిలో రెండు మాకు బాగుగ పట్టువడినవి. ఒకటి నిద్రపోవువారి సంగతి. ఏదో యొక పని పాతవిధిలో నుండగనే, రావలసినది రాలేదని కన్నుమూసికొని కూర్చుండును. అది లేచి బయటికి రానంతవరకు క్రొత్తకొలతకు మారుట పూర్తికాదు. మంచముమీద ముసలమ్మ నిద్రించుచుండగా క్రింది చాప మార్చవలెనన్నట్లు. బలవంతముగ లేపుదమా, కాచుకొందమా, ఎంత సేపు? మరిది చెప్పినదానినిబట్టి దీనికి ఒక్క జవాబు లేదు. ఒక్కొక్కరి యింట ఒక్కొక్క తీరు. అందుకే అందరును కలిసి మాటాడవలెను. రెండవది సరకు డబ్బాల సంగతి. వండు విధము మార్చుట సులభమే. ఇదివరకే డబ్బాలలో పోసియుంచిన సరకుయొక్క అమరిక మార్చవలసి వచ్చినచో? పాతడబ్బాలను ముట్టక ప్రక్కన చిన్న గిన్నె యొకటి పెట్టి, క్రొత్తగ కావలసినది అందులో నుంచు నేర్పు 2018లో కెర్నెలులో చేరినదట. దానితో తీరనివి ఇంకను ఉన్నవి. తక్కిన మూడును మాకు సగమే తెలిసినవి. వాటిని వ్రాసి చదువరులను బాధింపము.

లెక్క మరల వేసితిమి. టీకి 10 నిమిషములు చాలవు. రెండు కూటములు ఒకరితో నొకరు నిజముగ మాటాడుకొనునది కప్పుచేత పట్టుకొని నిలుచున్నప్పుడే యని అతడే యొప్పుకొనెను. కనుక టీకి 30. మిగిలినవి 180. ఒక్కొక్క విషయమునకు 30 చొప్పున ఐదింటికి 150. ఆ 30లో 10 నిమిషములే చెప్పువానివి, 20 వినువారివి. చెప్పువాడు తన చిక్కును ఒక ప్రశ్నగా వ్రాసి ముందే పంపవలెను. అట్లు వ్రాయలేకపోయినచో అతని చిక్కు ఇంకను అతనికే తేటపడలేదన్నమాట. చిట్టచివర 30 నిమిషములు మిగిలినవి. ఆ గడిలో మేమేమియు వ్రాయనీయలేదు.

అన్నిటికంటె గట్టి చిక్కును తుదకు పెట్టియుండెను. మొదటి వంట చేదైన తక్కినవి రుచింపవని వాని భయము. మేము దానిని రెండవదిగా జరిపించితిమి. మొదటి విషయములో జనులకు నోరు మెదలును. తరువాత టీలోపల ఒక గంట యుండును గనుక కొంత తగవు పడినను చల్లారును. గొంతు పెద్దదిగాగలవారే మాటాడుట కలదు గదా, మొట్టమొదట చేయి యెత్తినవానికి గాక మొట్టమొదటిసారి చేయి యెత్తినవానికి మాట ఈయవలెనని మా వారి సూచన. దూరదేశములనుండి తీగెద్వారా వినువారికి మాట కొంచె మాలస్యముగ అందును గనుక, "ఇంకెవరైన?" అని అడిగి వెంటనే ముగింపక కొంతసేపు నిలువవలెనని మరిదియే వ్రాసికొనెను. ఏది నిశ్చయమైనదో, ఏది కాలేదో వ్రాయుటకు వేరొక మనిషి. సభ నడుపువాడే వ్రాసికొనినచో తలవంచుకొని యుండును, చేతులు కనబడవు. ఈ చివరి మాట చెప్పుటకు మాకు అర్హత కలదు.

మొగమోటము తరువాత వచ్చెను. తొలగింపబడిన మూడు పేర్లలో ఒకటి అతనికి పని నేర్పిన పెద్దవానిది. ఫోనులో ఎట్లు చెప్పవలెనో తోచక రెండునాళ్లు దిగులుపడెను. చెప్పుటకు బదులు అడుగుమంటిమి. "మీరు మాటాడవలదు" అనుటకంటె "ఆ నిద్రపోవువారి చిక్కును మీరు ముందుండి నడిపింపుడు" అని కోరుట మేలు గదా. ఆయన మొదట కోపగించి, మరునాడు తానే ఫోను చేసి యొప్పుకొనెనట. తక్కిన ఇరువురిలో ఒకరు ఒప్పుకొనిరి. ఒకరు ఒప్పుకొనలేదు, సభకే రానన్నారు. దానికి మాయొద్ద మందు లేదు.

ప్రయాణమగునప్పుడు అతడు, "వదినా, ఇదంతా పత్రికకు వ్రాయండి. కాని మీ గ్రాంథికములో వ్రాస్తే ఎవరు చదువుతారు?" అని వేళాకోళము చేసెను. వాడుకభాషకై పోరాడిన గురజాడ అప్పారావుగారి బాల్యము, తొలిచదువు ఈ చీపురుపల్లిలోనే జరిగినవి. మాటాడుచున్న భాషను ఆపకయే దానికి మాసిక వేసినవారాయన. వారి ఊరిలో కూర్చుండి ఇట్లు వ్రాయుచున్నామని అప్పుడప్పుడు మాకును తోచును. మేము పాతవిధిలో సగములో నున్నవారము. లేచి బయటికి వచ్చినప్పుడు మారెదము.

ఫాల్గుణమాసములో ఆ వైద్యురాలినే మరల పిలిచితిమి. ఈమారు పరిచయము చేయలేదు. పేరు చెప్పి కూర్చుంటిమి. ఆమె 15 నిమిషములు మాటాడిరి. పిమ్మట ఎవరును నోరు విప్పలేదు. ఆ మౌనము చాల దీర్ఘముగ నుండెను. లేచి ఏదో యొకటి చెప్పి పూరింపవలెనని మా ప్రాణము కొట్టుకొన్నది. మా వారి బల్ల జ్ఞాపకము చేసికొని చేతులు ఒడిలో పెట్టుకొని యుంటిమి. అప్పుడు స్తంభముదగ్గరనుండి కాదు, ముందు చాపమీదనుండి ఆ కూరగాయల తల్లియే లేచి, "నల్లగా అవుతాదేంటమ్మా?" అని, ఇప్పుడు తనకు జవాబు తెలిసియు, అందరును వినునట్లు అడిగెను. వైద్యురాలు చెప్పిరి. వెంటనే ప్రక్కనున్న యామె తానును అందుకే మాత్రలు మానితిననెను. ఆమె వెనుక మరియొకతె. నాటిసాయంకాలము పదునొకండు ప్రశ్నలు వచ్చినవి. అందులో మూడు రక్తహీనతకు సంబంధించినవే కావు. వైద్యురాలు రెండు బండ్లు విడిచి మూడవదానికి పోయిరి.

మొన్న మరిది ఫోను చేసెను. సభవారు కార్యక్రమపత్రము అచ్చువేయుచున్నారు. చివరి గడి ఖాళీగ నున్నదేమి, ఏ పేరు వేయవలెనని అడుగుచున్నారట. పొయ్యిమీద పప్పు పొంగుచుండగా మేము వెంటనే చెప్పలేకపోతిమి. "పేరు లేనిదే వారి యంత్రము ఒప్పుకోదట వదినా" అనెను. తరువాత చూడగా పేరు వేయవలసినచోట 12-30 నుండి 1-00 అని మాత్రమే వేసియున్నది.